జాతర దుబ్బ తిన్న చిన్న కెమెరా: ఇంట్లో ఏం చేయాలి, ఎక్కడ ఆగాలి

నల్లగొండ నుంచి పానగల్లు ఎంతో దూరం లేదు, నాలుగు కిలోమీటర్లు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో ఒక గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడ ఉంటుంది కదా, దాన్ని ఫొటో తీద్దామని మండపంలో నిలబడి కెమెరా ఆన్ చేశాను. లెన్స్ సగం దాకా వచ్చింది. కిర్ర్, కిర్ర్ అని లోపల ఎవరో పళ్లు కొరికినట్టు చప్పుడు. తెర మీద ‘లెన్స్ ఎర్రర్’ అని రెండు ముక్కలు, వెంటనే అంతా నలుపు. లెన్స్ మాత్రం నాలుక బయటపెట్టినట్టు అలాగే ఉండిపోయింది.

ముందురోజు రాత్రి చెర్వుగట్టు జాతరలో ఉన్నాం. గుట్ట కింద జనం కాళ్లకు లేచిన దుబ్బలో ఆ కెమెరా నా మెడలోనే వేలాడుతూ ఉంది, సగం సేపు లెన్స్ తెరిచే ఉంది. కాబట్టి పాపం దాని తప్పేం లేదు.

అందరూ చేసే పనే నేనూ చేశాను. ఆఫ్, ఆన్, ఆఫ్, ఆన్, ఓ పదిసార్లు. అట్లా చేసినప్పుడల్లా చిన్న మోటారు ఇరుక్కున్న గొట్టాన్ని నెట్టబోయి, లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రాలను అరగదీస్తుందని అప్పుడు నాకు తెలియదు. ఆ తర్వాత ఈ నాలుగైదేళ్లలో ఇంట్లోవి, చుట్టాలవి, స్నేహితులవి కలిపి చాలా చిన్న కెమెరాలు నా టేబుల్ మీదికి వచ్చాయి. మా దగ్గర ‘చచ్చిపోయింది’ అని తెచ్చినవాటిలో నిజంగా చచ్చినవి తక్కువ. ఎక్కువగా దుమ్ము, బ్యాటరీ, కార్డు, లేకపోతే ఎవరో ఏదో మెనూలో నొక్కిన బటన్. అందుకే తేలిక కారణం నుంచి కష్టమైన కారణానికి ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పోదాం.

నేను చెప్పేది జేబులో పట్టే ట్రావెల్ జూమ్ కెమెరాల గురించి: కెనాన్ ఎస్ఎక్స్, సోనీ హెచ్ఎక్స్, పానసోనిక్ టీజడ్ లాంటివి. లెన్స్ ఊడదీసి మార్చే పెద్ద కెమెరాలకు ఇందులో సగం పనికిరాదు.

మొదటి మెట్టు: ముందు ఫొటోలు

కెమెరా మొరాయించగానే బ్యాటరీ తీయండి, కార్డు తీయండి. కెమెరా పోతే ఇంకోటి వస్తుంది. చెల్లె పెళ్లి ఫొటోలు రావు.

ఆ కార్డును మళ్లీ అదే కెమెరాలో పెట్టి పరీక్షలు చేయకండి. కార్డ్ రీడర్ ఉంటే కంప్యూటర్‌కు, లేకపోతే ఓటీజీ రీడర్‌తో ఫోన్‌కు తగిలించి ఫొటోలన్నీ కాపీ చేసుకోండి. కట్ చేసి పేస్ట్ చేయొద్దు, కాపీ మాత్రమే. మధ్యలో వైరు కదిలితే కట్ చేసినవి రెండు చోట్లా లేకుండా పోయే ప్రమాదం ఉంది.

‘కార్డును ఫార్మాట్ చేయాలా?’ అని కెమెరా గానీ కంప్యూటర్ గానీ అడిగితే ‘వద్దు’ నొక్కండి. ఆ ప్రశ్న చూస్తే ఏదో మంచి సలహా ఇస్తున్నట్టే ఉంటుంది. పొరపాటున ‘అవును’ అన్నా, ఫొటోలు కార్డులో ఇంకా ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే మామూలు ఫార్మాట్ ముందు విషయసూచిక పేజీని మాత్రమే చింపేస్తుంది, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. కొత్తగా ఒక్క ఫొటో తీసినా ఆ పేజీల మీద కొత్త రాత పడుతుంది. అందుకని ఇక ఆ కార్డును వాడకుండా పక్కన పెట్టి, కంప్యూటర్‌లో ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో వెతికించండి. దొరికినవాటిని అదే కార్డులో కాకుండా కంప్యూటర్‌లోనే దాచండి. ఫైళ్ల పేర్లు మారిపోతాయి, బొమ్మలు మాత్రం వస్తాయి.

కార్డుతోనే గొడవ అనిపిస్తే మూడు చూడండి. కార్డు ఎడమ అంచున చిన్న తాళం మీట ఉంటుంది, పర్సులో రాసుకుని అది కిందికి జారితే ‘కార్డ్ లాక్డ్’ అంటుంది. పైకి జరిపితే చాలు. రెండోది, సైజు. 2 జీబీ దాకా ఉన్నవి మామూలు ఎస్‌డీ, 4 నుంచి 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ, ఆ పైవి ఎస్‌డీఎక్స్‌సీ. ఎస్‌డీఎక్స్‌సీ రకం 2009లో వచ్చింది. అంతకు ముందటి కెమెరాలో 64 జీబీ కార్డు పెట్టి ‘పాడైంది’ అనుకుంటే ఎట్లా? మూడోది, నకిలీ. పైన 128 అని రాసి లోపల 8 మాత్రమే ఉండే కార్డులు రోడ్డు పక్క బండ్ల మీద దొరుకుతాయి. మొదట తీసిన ఫొటోలు బాగానే ఉంటాయి, ఆ తర్వాతివి సగం బూడిద రంగులో వస్తాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం కార్డు నిండా రాసి, తిరిగి చదివి, అసలు సైజు ఎంతో చెబుతుంది. అది నడపడానికి ముందు కార్డు ఖాళీ చేసుకోండి.

రెండో మెట్టు: కరెంటు సంగతి

కెమెరా అసలు ఆన్ కాకపోయినా, లెన్స్ సగంలో ఆగినా, ముందు అనుమానించాల్సింది బ్యాటరీనే. లెన్స్ బయటికి వచ్చే ఆ రెండు సెకన్లలో మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ముసలి బ్యాటరీ తెర వెలిగించగలదు, మెనూ చూపించగలదు, లెన్స్ నెట్టాలంటే మాత్రం దానికి దమ్ము చాలదు. తెర మీద మూడు గీతలు కనిపిస్తున్నాయి కదా అని నమ్మకండి. రాత్రంతా చార్జ్ పెట్టిన బ్యాటరీతో, వీలైతే అదే మోడల్ ఉన్నవాళ్ల దగ్గర అరువు తెచ్చిన బ్యాటరీతో చూడండి.

బ్యాటరీని గాజు బల్ల మీదో టైల్స్ మీదో పడుకోబెట్టి వేలితో తిప్పి చూడండి. బొంగరంలా తిరిగితే ఉబ్బింది. ఉబ్బినదాన్ని నొక్కి సరిచేయడం, గుచ్చడం, చార్జ్ పెట్టడం ఏదీ చేయొద్దు. లిథియం బ్యాటరీ అది, మంట పుట్టిందంటే మాటలు కాదు. చెత్తకుప్పలో వేసి కాల్చకుండా, పాత బ్యాటరీలు తీసుకునే షాపులో ఇచ్చేయండి. ఉబ్బిన బ్యాటరీ లోపలే ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో పెరకకండి, అది షాపువాళ్ల పని.

ఉబ్బకపోతే బంగారు రంగు కాంటాక్టులు చూడండి, బ్యాటరీ మీదివి, గూడు లోపలివి కూడా. మన చెమట, దుమ్ము కలిసి అక్కడ సన్నటి మడ్డి పొర కడుతుంది. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అనే ఆల్కహాల్ ఉంటుంది. దాన్ని దూదిపుల్లకు కాస్త తడిపి తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. ఇంట్లో ఉన్న శానిటైజర్ వద్దు. అందులో జిగట కలిపి ఉంటుంది.

చాలామంది చూడనిది ఇంకొకటి ఉంది: బ్యాటరీ తలుపు. తలుపు పూర్తిగా మూసుకుందా లేదా అని కెమెరాకు చెప్పే చిన్న స్విచ్చు ఉంటుంది. తలుపు మీది ప్లాస్టిక్ కొక్కెం విరిగితే ఆ స్విచ్చు నొక్కుకోదు, కెమెరా చచ్చినట్టే పడి ఉంటుంది. తలుపును వేలితో గట్టిగా అదిమి పట్టుకుని ఆన్ చేయండి. వెలిగితే రోగం దొరికినట్టే. మా తమ్ముడు రెండేళ్లు రబ్బరు బ్యాండు చుట్టి వాడాడు.

యూఎస్‌బీతో చార్జ్ అయ్యే మోడల్ అయితే వైరు, అడాప్టర్ మార్చి చూడండి. ఇక తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే కంగారు అక్కర్లేదు. గడియారానికి లోపల వేరే చిన్న బ్యాటరీ ఉంటుంది, కెమెరాను నెలల తరబడి బీరువాలో పెడితే అది ఖాళీ అవుతుంది. నిండు బ్యాటరీ వేసి ఒక రోజు అలాగే ఉంచితే చాలా మోడళ్లలో మళ్లీ నిండుతుంది.

మూడో మెట్టు: ఇరుక్కున్న లెన్స్

అసలు కథ ఇదే, ఇక్కడ తొందర వద్దు.

ముప్పై నలభై రెట్ల జూమ్‌ను జేబులో పట్టించాలంటే లెన్స్‌ను ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలుగా చేయాలి. గొట్టాల గోడల మీద మెలికల కాలువలు, వాటిలో జారే చిన్న పిన్నులు, తిప్పడానికి పప్పుగింజంత పళ్లచక్రాలు. ఆన్ చేయగానే గొట్టం ఎక్కడిదాకా వచ్చిందో సెన్సర్ చూస్తుంది. అనుకున్న సమయానికి అనుకున్న చోటికి రాకపోతే మోటారు కాలిపోకుండా కెమెరా తనంతట తాను ఆగిపోతుంది. ‘లెన్స్ ఎర్రర్’ అన్నా, పానసోనిక్‌లో ‘సిస్టమ్ ఎర్రర్ జూమ్’ అన్నా, సోనీలో ఈ:61, ఈ:62 లాంటి అంకెలొచ్చినా భావం ఇంచుమించు ఒకటే: లెన్స్ లోపల ఏదో భాగం చేరాల్సిన చోటికి చేరలేదు.

ఎందుకు చేరలేదు? మన దగ్గర మొదటి కారణం దుబ్బ. చెలకల ఎర్రమట్టి, గ్రానైట్ పొడి, కృష్ణ ఒడ్డున ఇసుక. ఒక్క ఇసుక రేణువు కాలువలో పడితే చాలు. రెండోది, సంచిలో ఉండగానే పొరపాటున ఆన్ కావడం. లెన్స్ గుడ్డను నెట్టలేక పళ్లు జారిపోతాయి. మూడోది, కింద పడటం.

ఇప్పుడు పని. నిండు బ్యాటరీ వేయండి, కార్డు వేయకండి. కెమెరాను ఎదురుగా పెట్టి, కళ్లకు సమాంతరంగా లెన్స్ గొట్టాన్ని నాలుగు వైపుల నుంచి చూడండి. చుట్టూ సందు ఒకేలా ఉందా? ఒక పక్క వెంట్రుకవాసి, ఇంకో పక్క గోరు దూరేంత ఉందంటే గొట్టం వంగింది. అప్పుడు కింద చెప్పేవేవీ చేయకండి, సరాసరి రిపేరు మెట్టుకు వెళ్లండి.

గొట్టం నిటారుగానే ఉంటే కెమెరాను లెన్స్ నేలవైపు ఉండేలా పట్టుకుని, రబ్బరు బ్లోయర్‌తో సందుల్లో గాలి కొట్టండి. కెమెరాను మెల్లగా తిప్పుతూ చుట్టూ కొట్టాలి. నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది. పంక్చర్ షాపుకు తీసుకుపోదామని చాలామందికి అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఆ కంప్రెసర్ గాలిలో నీటి తుంపర, నూనె తుంపర రెండూ ఉంటాయి. పైగా ఆ వేగానికి బయటి దుమ్ము కూడా లోపలి అద్దం మీదికి పోయి కూర్చుంటుంది.

తర్వాత మెత్తటి బ్రష్. పిల్లల వాటర్ కలర్ బ్రష్ కొత్తదైతే చాలు. సందు వెంట తిప్పుతూ, మధ్యలో బ్లోయర్. దానికీ లొంగకపోతే బటర్ పేపర్‌ను వేలెడంత పొడవు, అర సెంటీమీటరు వెడల్పు కత్తిరించి గొట్టాల మధ్య సందులో దూర్చి చుట్టూ జరపండి. లోపల రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పోనివ్వొద్దు, అక్కడ వెలుతురు రాకుండా అడ్డుపెట్టిన సన్నటి పట్టీ ఉంటుంది. కాగితం జరుగుతూ జరుగుతూ ఒకచోట గరగరమంటుంది. అదిగో, అక్కడే. ఆ పక్కను కిందికి ఉంచి, వేలి చివరతో గొట్టం పక్కన మెల్లగా తట్టండి. పానగల్లులో మొండికేసిన నా కెమెరా నుంచి తెల్లకాగితం మీద రాలింది మూడంటే మూడు రేణువులు, ఒకటి ఎర్రటిది, రెండు తెల్లటివి. భూతద్దంలో చూస్తే గానీ కనపడలేదు.

ఇప్పుడు ఆన్ చేయండి. బయటికి రాలేక ఆగిన లెన్స్ అయితే కెమెరా మూతి కిందికి, లోపలికి పోలేక ఆగినదైతే మూతి పైకి పెట్టి ఆన్ చేయండి, బరువు కాస్త సాయం చేస్తుంది. కదలడం మొదలుపెడితే ఆపకండి. కదలకపోతే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ బ్లోయర్, మళ్లీ ఒకసారి. మొత్తం మూడుసార్లు. నాలుగోసారికి నేను పోను. మీరూ పోవద్దు.

లెన్స్ ముందు రేకుల్లాంటి చిన్న తలుపులు సగమే తెరుచుకుంటే అది వేరే రోగం, తేలికది. చెమటా దుమ్మూ కలిసిన మడ్డి. ఐపీఏ బాగా పిండేసిన దూదిపుల్లతో రేకుల అంచులు మాత్రమే తుడవండి, అద్దానికి తగలనివ్వకండి.

నూనె సంగతి విడిగా చెప్పాలి. నా రెండో కెమెరా ఇలాగే ఆగితే, నేను ఊళ్లో లేనప్పుడు మా మేనమామ చూశాడట. ఫోన్‌లో గొంతు ధీమాగా ఉంది.

“ఏం గాలేదురా, జర గట్టివడ్డది. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు పోసిన. ఇప్పుడు గుర్రం లెక్క ఉరుకుతుంది.”

“నూనెనా మామా!”

“ఏమైతదిరా, మిషనే గదా.”

రెండు రోజులు నిజంగానే గుర్రంలా ఉరికింది. మూడో రోజు ఫొటోలన్నీ మంచు కప్పినట్టు వచ్చాయి. నూనె గొట్టం వెంట పాకి అద్దం మీదికి, లోపల వెలుతురుకు తెరుచుకుని మూసుకునే షట్టర్ రేకుల మీదికి చేరింది. రేకులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. నూనె, గ్రీజు, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏదైనా అంతే. మామను మాత్రం ఏమీ అనలేకపోయాను, ఆయన రిపేరు చేసిన ఫ్యాన్లు మా ఇంట్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి.

లెన్స్ ఎటూ కదలకపోయినా కెమెరా లోపలి మెమొరీలో ఫొటోలుంటే దిగులు పడకండి. చాలా మోడళ్లలో పవర్ బటన్ బదులు ప్లే బటన్ నొక్కి పట్టుకుంటే లెన్స్‌ను ముట్టుకోకుండానే తెర వెలుగుతుంది. అక్కడి నుంచి కార్డులోకి కాపీ చేసుకోవచ్చు.

ఫొటోలో తప్పు కనిపిస్తే

కెమెరా పనిచేస్తోంది, ఫొటోనే బాగాలేదు అంటే ముందు పాత ఫొటోలు తెర మీద తెరవండి. అవీ చెడుగా ఉంటే తప్పు తెరది. అవి బాగుండి, ఎదురుగా ఉన్నది మాత్రం నల్లగా కనిపిస్తే, మెనూ అక్షరాలు వస్తుంటే, షట్టర్ మూసుకుని ఇరుక్కుని ఉండొచ్చు. టార్చి వేసి లెన్స్ లోపలికి చూస్తే రేకులు మూసి ఉన్నట్టు కనిపిస్తాయి. ఇంటి లోపల తీసినవి బాగుండి, ఎండలో తీసినవి సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తుంటే అది దానికి ఉల్టా, షట్టర్ మూసుకోవడం లేదు. రెండూ షాపు పనులే.

ఊదా రంగు గీతలు, వంకర బొమ్మలు వస్తే తప్పు సెన్సర్‌ది, అంటే లెన్స్ వెనక బొమ్మను పట్టే చిప్పుది. 2005లో కొన్ని సెన్సర్లు వేడికి, తేమకు లోపలి తీగల అతుకులు వదిలేసి ఇలాగే పోతున్నాయని తేలి, చాలా కంపెనీలు ఉచితంగా మార్చి ఇచ్చాయి. ఇప్పుడు ఆ కాలం పాత కెమెరాలు కుర్రాళ్లు మోజుపడి సెకండ్‌హ్యాండ్‌లో కొంటున్నారు కాబట్టి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

జూమ్ చేసి ఆకాశం తీస్తే ప్రతి ఫొటోలో ఒకే చోట బూడిద మచ్చ కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము. ఎక్కువ జూమ్‌లోనే కనిపిస్తుంది, మామూలు ఫొటోల్లో కనిపించదు. నేనైతే దానితోనే బతికేస్తాను, ఫోన్ యాప్‌లో చెరిపేస్తే పోతుంది. ఆ ఒక్క మచ్చ కోసం కెమెరా విప్పించడం దండగ.

రాత్రి జాతరలో ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో తెల్లటి గుండ్రటి చుక్కలు తేలుతుంటాయి. మా పెద్దమ్మ వాటిని స్వామివారి మహిమ అని ఫ్రేము కట్టించింది. కెమెరా పాడైందని ఒకాయన నా దగ్గరికి తెచ్చాడు. రెండూ కాదు. లెన్స్‌కు దగ్గరగా గాలిలో తేలే దుబ్బ మీద ఫ్లాష్ వెలుగు పడి తిరిగొస్తుంది. ఫ్లాష్ ఆపేస్తే చుక్కలు మాయం. పెద్దమ్మకు ఈ ముక్క నేనింకా చెప్పలేదు.

ఫొటో మసకగా ఉంటే ముందు లెన్స్ మీద వేలిముద్ర ఉందేమో చూడండి. పోచంపల్లి నేత మన పక్కనే ఉన్నా, గంజి పెట్టిన గుడ్డతో మాత్రం తుడవకండి, గీతలు పడతాయి. కళ్లజోడు షాపులో ఇచ్చే మైక్రోఫైబర్ ముక్క చాలు, అదీ ముందు బ్లోయర్ కొట్టిన తర్వాతే. ఇంకా మసకే అయితే, బాగా దగ్గరి వస్తువుల కోసం ఉండే మాక్రో మోడ్ ఆన్‌లో ఉందేమో చూసి, అన్నిటికీ చివరన మెనూలో రీసెట్ నొక్కండి. రీసెట్‌కు ఫొటోలు పోవు, సెట్టింగులే పోతాయి.

ఎండ, ఏసీ బస్సు

చాలా కెమెరాల పుస్తకాల్లో పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు అని రాసి ఉంటుంది. నల్లగొండలో మే నెల 45 దగ్గర ఉంటుంది, కారు డ్యాష్‌బోర్డు మీద ఇంకా చాలా ఎక్కువ. ఆ వేడిలో వీడియో తీస్తుంటే కెమెరా ఆగిపోవడం రోగం కాదు, తనను తాను కాపాడుకోవడం. బ్యాటరీ తీసి, తలుపు తెరిచి, నీడలో అరగంట ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టడం, తడిగుడ్డ కప్పడం చేశారో, లోపల నీళ్లు పుడతాయి.

వానకాలంలో ఏసీ బస్సు దిగి సాగర్ డ్యామ్ దగ్గర కెమెరా తీయగానే లెన్స్ మీద పొగలా కమ్మేది కూడా అదే. చల్లటి అద్దం మీద గాలిలోని తేమ చేరుతుంది. బస్సు దిగకముందే కెమెరాను జిప్ కవర్లో మూసి, దిగాక పావుగంట తర్వాత తెరవండి. అద్దం లోపలివైపు పొగ కమ్మితే ఆన్ చేయకుండా బ్యాటరీ తీసి ఆరబెట్టాల్సిందే.

నీళ్లలో పడితే

సోమశిల దగ్గర పుట్టి ఎక్కేటప్పుడో, నాగార్జునకొండ లాంచీలోనో చేయి జారితే ఒకటే మాట: ఆన్ చేయొద్దు. ‘పనిచేస్తోందా’ అని చూడాలనే ఆత్రమే చాలా కెమెరాలను చంపుతుంది. నీళ్లు ఒక్కటే చంపవు. నీళ్లలో కరెంటు పారితే అతుకులు తుప్పు పడతాయి, షార్ట్ అవుతాయి.

బ్యాటరీ, కార్డు వెంటనే తీసేయండి. తలుపులన్నీ తెరిచి, పైనున్న తడి గుడ్డతో అద్ది, నీళ్లు కారే వైపు కిందికి ఉంచండి. ఊపితే తడి ఇంకా లోపలికి పోతుంది. ఇంటికొచ్చాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో మూడు రోజులు. చెప్పుల డబ్బాల్లో, మందుల సీసాల్లో వచ్చే ఆ పొట్లాలను నేను ఏడాదంతా పోగేస్తాను, ఇంట్లో వాళ్లు నవ్వుతారు. బియ్యంలో పెట్టమని అందరూ చెబుతారు. బియ్యం పెద్దగా తేమ లాగదు, దాని తవుడు మాత్రం సందుల్లో చేరుతుంది. హెయిర్ డ్రయర్, మే ఎండ రెండూ వద్దు. ఫ్యాన్ గాలి చాలు.

బత్తాయి రసం

నల్లగొండ జిల్లాలో ఉండి దీని గురించి చెప్పకపోతే ఎట్లా. బత్తాయి ఒలిచిన చేత్తో మా చిన్నది షట్టర్ బటన్ నొక్కింది. మర్నాటికి బటన్ కిందికి పోతుంది, పైకి రాదు. కెమెరా తనంతట తానే ఫొటోలు తీస్తూ పోయింది, ఒకే గోడవి డెబ్బై రెండు. బ్యాటరీ తీసి, ఐపీఏలో తడిపి పిండిన దూదిపుల్లను బటన్ చుట్టూ తిప్పుతూ, నొక్కుతూ వదులుతూ, ప్రతి రెండు నిమిషాలకూ కొత్త పుల్ల. నాలుగో పుల్లకు పసుపు మరక ఆగింది. పూర్తిగా ఆరాక బటన్ టిక్కుమని పైకి లేచింది. చాయ్ ఒలికినా, కూల్‌డ్రింక్ పడ్డా ఇదే వైద్యం.

స్క్రూలు ఎందుకు విప్పకూడదు

చిన్న స్క్రూడ్రైవర్ సెట్టు ఇంట్లో ఉంటే చేతులు ఊరుకోవు. కానీ ఫ్లాష్ పక్కన సిగరెట్ ముక్కంత కెపాసిటర్ ఉంటుంది, ఫ్లాష్ కోసం దాంట్లో 300 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. బ్యాటరీ తీసిన చాలాసేపటికి కూడా అది నిండే ఉండొచ్చు. గడియారం సెంటర్ దగ్గర ఒక మొబైల్ రిపేరు కుర్రాడు నా కళ్ల ముందే కవరు తీసి, చేయి ఝాడించి వెనక్కి పడ్డాడు. “అన్నా, గిది ఫోన్ లెక్క కాదే” అన్నాడు, లేచాక. ఆ రోజు నుంచి మొబైల్ షాపులో కాంటాక్టులు తుడిపించుకోవడం, కార్డు పనులు తప్ప ఇంకేమీ చేయించను.

రిపేరుకు ఇవ్వడం

వారంటీ ఉంటే బిల్లు వెతికి కంపెనీ సర్వీసు సెంటర్‌కే ఇవ్వండి. స్క్రూ ముట్టుకున్నారంటే వారంటీ పోయినట్టే. అమెరికా నుంచి బావ తెచ్చిన కెమెరా అయితే ఇక్కడ వారంటీ సాధారణంగా చెల్లదు, అడిగి చూడటంలో నష్టం లేదు. బిల్లు, వారంటీ కార్డు సరిగ్గా ఉండీ కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

వారంటీ లేకపోతే నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి దారి హైదరాబాద్ వైపే, రెండు చోట్ల నుంచీ వంద కిలోమీటర్ల లెక్క. బస్సెక్కే ముందు మీ ఊళ్లో పాత ఫొటో స్టూడియో ఆయనను అడగండి. పెళ్లిళ్ల కెమెరాలు ఎవరి దగ్గర బాగవుతాయో ఆయనకు పేర్లతో సహా తెలుసు. నాకు కోఠిలో మనిషిని చూపించింది అలాంటి ఒకాయనే.

పోయే ముందు ఫోన్‌లోనే అడగండి: ఈ మోడల్‌కు లెన్స్ యూనిట్ దొరుకుతుందా? అదే అసలు ప్రశ్న. లెన్స్ గొట్టం లోపల ఒక పన్ను విరిగినా, సన్నటి రిబ్బన్ కేబుల్ తెగినా సాధారణంగా యూనిట్ మొత్తం మారుస్తారు. 2010లో ప్రపంచమంతా కలిపి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికి వచ్చాయి, 2020 తర్వాత ఏడాదికి కోటి లోపే. ఫోన్లు వచ్చి చిన్న కెమెరా అంగడినే మింగేశాయి. అందుకే పాత మోడళ్ల సామాను కొత్తది దొరకడం కష్టం, ఇంకో చచ్చిన కెమెరా నుంచి తీసి వేస్తారు. వేయొచ్చు, తప్పు లేదు, ఆ మాట ముందే చెప్పించుకోండి.

అంచనా ఎంతో కాగితం మీద రాయించుకోండి. అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ ధరలో సగం దాటితే నేను చేయించను. ఇది నా లెక్క. నాన్న కొనిచ్చిన కెమెరా అయితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి.

ఇచ్చేటప్పుడు కార్డు, స్ట్రాప్ మీ దగ్గరే ఉంచుకోండి. అడుగున ఉండే సీరియల్ నంబరుతో సహా నాలుగు వైపులా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ‘పనిచేయడం లేదు’ అని ఊరికే చెప్పకుండా, ఎప్పుడు మొదలైంది, ఏ చప్పుడు వచ్చింది, తెర మీద ఏం రాసింది, మీరేం చేసి చూశారు, అన్నీ చీటీ మీద రాసివ్వండి. మామ పోసిన నూనె సంగతి కూడా దాచకండి.

తిరిగి తీసుకునే రోజు డబ్బులు కౌంటర్ మీద పెట్టకముందే అక్కడే నిలబడి పరీక్షించండి. మీ బ్యాటరీ, మీ కార్డు వేసి ఇరవైసార్లు ఆన్, ఆఫ్ చేయండి. జూమ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఐదారుసార్లు నడపండి, చప్పుడు ఒకే తీరుగా ఉండాలి. షాపు బయట తెల్లగోడనో ఆకాశాన్నో పూర్తి జూమ్‌లో తీసి మచ్చలు చూడండి, ఎదురుగా ఉన్న బోర్డు అక్షరాలు తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఒక మూల మసకగా ఉంటే లెన్స్ వంకరగా బిగించారు. ఫ్లాష్‌తో ఒకటి, ఒక నిమిషం వీడియో. షాపాయన విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. ఎన్ని నెలల గ్యారంటీయో బిల్లు మీద రాయించుకుని, ఇమ్లీబన్ బస్టాండ్‌కు నడవండి.